కుడివైపు చూసే చక్రవర్తి

అచ్చులాయన కోతలు మొదలుపెట్టే ముందు టీ గ్లాసు తన ఎదురుగా జరుపుకుంటాడు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడక్కపోయినా "అబ్బే, అదేం పెద్ద విషయం కాదులే" అంటాడు. ఆ మాట వినబడగానే టీ కొట్టు అక్క స్టవ్ మంట తగ్గించేస్తుంది. పక్కన సెలూన్ నడిపే అతను గిరాకీ లేకపోతే వచ్చి కూర్చుంటాడు, గిరాకీ ఉంటే సగం గీసిన గడ్డంతోనే ఆ మనిషిని కూడా లాక్కొస్తాడని వీధిలో చెప్పుకుంటారు. పోస్టుమాన్ మాత్రం సైకిలు దిగడు. ఒక కాలు అరుగు మీద ఆనించి, ఇప్పుడే వెళ్ళిపోతానన్నట్టు నిలబడతాడు గానీ కథ అయ్యేదాకా కదలడు.

ఆరోజు బల్ల చివర అచ్చులాయన కోడలు కూడా కూర్చుంది. కథ కోసం రాలేదు. మ్యూజియం మేడమ్ మళ్ళీ ఫోన్ చేసిందనీ, సాయంత్రం ఆఫీసు మూసేలోగా అవునో కాదో తేల్చమందనీ మామగారికి చెప్పడానికి వచ్చింది. ఆయన విని "చూద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో "చూద్దాం" అంటే కాదని అర్థం. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆమెకు ఆ సంగతి తెలిసిపోయింది.

అచ్చులాయనది ఉక్కు దిమ్మల మీద బొమ్మలు చెక్కే పని. స్కూలు పతకాలు, యూనిఫారాల ఇత్తడి బొత్తాలు, కంపెనీల బిళ్ళలు, ఏవైనా సరే ముందు ఆయన ఉలి కింద అచ్చుగా తయారై, ఆ తర్వాతే ప్రెస్సులో పడి కుప్పలుగా బయటికొచ్చేవి. ఇప్పుడు మ్యూజియంలో రోము చక్రవర్తుల నాణేల ప్రదర్శన పెడుతున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కొనుక్కుపోవడానికి ఒక వెండి నాణేనికి నకళ్ళు కావాలట. మర మీద కోసినట్టు ఉండకూడదు, చేత్తో చెక్కిన అచ్చే కావాలని మేడమ్ పట్టుబట్టి, ఆ నాణేనికి మైనపు నకలు, పెద్ద పెద్ద ఫొటోలు ఇచ్చి వెళ్ళింది. ఆయన వాటిని కిటికీ పక్కనున్న పనిబల్ల మీద పెట్టుకున్నాడు. రోజూ భూతద్దంలో చూస్తాడు, మళ్ళీ గుడ్డ కప్పేస్తాడు. చూపు మునుపటిలా లేదని మాత్రం ఎవరితోనూ అనడు. కొడుకు లారీ నడుపుతాడు. మెడ వంచుకుని కూర్చునే పని తనవల్ల కాదని ఏనాడో చేతులెత్తేశాడు. ఆ బల్ల తీసేస్తే ముందు గదిలో సోఫా పడుతుందని మొన్న అన్నం తింటూ అన్నాడు కూడా. దానికి అచ్చులాయన "చూద్దాం" అయినా అనలేదు, తల దించుకుని తిన్నాడు. కోడలి గుండె అక్కడే జారిపోయింది.

ఎందుకంటే ఆ బల్ల ఆమెకు కావాలి. మేడమ్ ఫొటోలు ఇచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ, మామగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆమె ఆ బల్ల దగ్గర కూర్చుని, ఆయన పక్కన పడేసిన పాత ఉలితో సీసం ముక్కల మీద ఆ చక్రవర్తి మొహం చెక్కుతోంది. వేలిగోరంత జాగాలో మెడ ముడతలు, చెవి పక్కన ఉంగరాల జుట్టు, జుట్టు మీద ఆకుల దండ, ఆ దండ ముడి నుంచి మెడ వెనక్కి వేలాడే రిబ్బను కొస, చుట్టూ సందు లేకుండా పరిగెత్తే అక్షరాలు. బొరుసు వైపు రెక్కల దేవత ఒకతె, మునివేళ్ళ మీద నిలబడి ఎవరికో దండ అందిస్తూ ఉంటుంది. ఆమె ఒంటి మీది బట్ట గాలికి ఎటు ఎగురుతోందో కూడా తెలుస్తుంది. కరెంటు దీపం లేని రోజుల్లో, పేరైనా మిగలని మనిషెవరో అదంతా చేశాడని తలుచుకున్నప్పుడల్లా ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించేది ఆమెకు.

మొదటి ముక్కలో ఆమె పప్పులో కాలేసింది. ఫొటోలో చక్రవర్తి కుడివైపు చూస్తున్నాడు కదా అని సీసంలో కూడా కుడివైపే చూస్తున్నట్టు చెక్కింది. తీరా మైనంలో నొక్కి చూస్తే ఆయన ఎడమవైపుకి మొహం తిప్పేసుకుని ఉన్నాడు. సిగ్గేసి ఆ ముక్కని తుక్కు డబ్బా అడుక్కి తోసేసింది. తర్వాత చెక్కినవాటిలో మంచిదనిపించిన ఒకటి ఇప్పుడు చేతిరుమాల్లో మూటకట్టి సంచిలో పెట్టుకుంది. మామగారు కథ ముగించి, అందరూ మెచ్చుకుంటుంటే మీసం దువ్వుకుంటూ లేస్తాడు చూడండి, ఆ హుషారులో ఉన్నప్పుడు ఆయనకిది చూపించి, ఆ పని నేను చేస్తాను మామయ్యా అని అడగాలని ఆమె ఆలోచన. అందుకని ఆయన మనసుకి ఎక్కడా చిన్న గీత కూడా పడకూడదు.

"అబ్బే, అదేం పెద్ద విషయం కాదులే," అన్నాడు అచ్చులాయన. "ఈ మ్యూజియం వాళ్ళకి నా పని కొత్తా ఏంటి? అప్పట్లో ఇంకో ఆఫీసరు ఉండేవాడు, పాపం మంచోడే. ఒక రోము నాణెం తెచ్చి, ఇది బాగా అరిగిపోయింది, అరక్కముందు ఎలా ఉండేదో అలాంటిది ఒకటి చేసిస్తావా అన్నాడు. చేసిచ్చా. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఏది వాళ్ళదో ఏది నాదో తేలక చివరికి నన్నే అడిగాడు. నేనేమన్నానో తెలుసా? బాబూ, ఆ రెండిట్లో బాగున్నది నాది అన్నా."

సెలూన్ అతను పగలబడి నవ్వాడు. కోడలు కూడా నవ్వింది. ఇంతవరకూ నిజమే అయ్యుండొచ్చని ఆమె నమ్మకం. మామగారి చేతిపని అంతటిదే.

"అది కాదు అసలు సంగతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పని చేసేటప్పుడు భూతద్దం పెట్టి చూస్తున్నానా, నాణెం మీదున్న చక్రవర్తి కన్ను కొట్టాడు. పక్కవాటు మొహం కదా, కనబడేదే ఒక్క కన్ను, అది మూసి తెరిచాడు. ఏంటయ్యా అన్నా. అయ్యా, ఈ బొమ్మ చెక్కినవాడికి నా మీద ఏదో కోపం ఉంది, గడ్డం కింద కండ వేలాడేసి పెట్టాడు, నువ్వైనా కాస్త తగ్గించు అన్నాడు."

ఏ భాషలో అన్నాడని పోస్టుమాన్ అడిగాడు. తెలుగులోనేనని అచ్చులాయన తడుముకోకుండా చెప్పాడు. అన్ని వందల ఏళ్ళు ఊరికే పెట్టెలో పడుకుని వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటుంటే నువ్వైనా నాలుగు భాషలు నేర్చుకుంటావు అని కూడా అన్నాడు. పోస్టుమాన్ అది సబబుగానే ఉందని తల పంకించాడు.

ఆ కండ కాస్త తగ్గించగానే చక్రవర్తి మురిసిపోయాడట. కబురు మ్యూజియంలో మిగతా నాణేలన్నిటికీ పాకిపోయిందట. మాకూ చెయ్యి, మాకూ చెయ్యి అని అద్దాల పెట్టెల్లో ఒకటే గలగలలాడుతుంటే కాపలా ఉన్నవాళ్ళు దొంగలు పడ్డారనుకుని తలుపులన్నీ వేసేశారట. ఈ హడావిడి అంతా సర్దుకుంటుండగా, బొరుసు వైపున్న రెక్కల దేవత నాణెం మీంచి లేచి ఎగిరిపోయి సీలింగు ఫ్యాను మీద కూర్చుందట.

"ఫ్యాను ఆపేసి, నిచ్చెన వేసుకుని పైకెక్కా. తల్లీ, నువ్వు లేకపోతే నాణెం బొరుసు బోడిగా ఉంటుంది, దిగిరా అన్నా."

"ఏమంది?" అంది టీ కొట్టు అక్క.

"పుట్టిన దగ్గర్నుంచీ మునివేళ్ళ మీద నిలబడే ఉన్నాను, కాసేపు నన్ను కూర్చోనివ్వండి అంది."

పొద్దున్నుంచీ స్టవ్ ముందు నిలబడే ఉన్న అక్క, ఆ దేవత అన్నదాంట్లో తప్పేముందని వెంటనే వత్తాసు పలికింది. చివరికి దేవత కిందికి దిగిందా లేదా అంటే దిగిందట. కాకపోతే దండ పట్టుకునే చెయ్యి మార్చుకుంటానని మాట తీసుకుని దిగిందట. కావాలంటే వెళ్ళి చూసుకోండి అన్నాడు అచ్చులాయన. మ్యూజియం ఇక్కడికి ఎంత దూరమో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ లేవలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో నాణెం మీద ఓడ ఒకటి ఉంది. తెడ్లు వేసేవాళ్ళు కూడా చీమల్లా వరసగా కనబడతారు దాని మీద. ఆ ఓడవాళ్ళు నన్ను ఎక్కు ఎక్కు అన్నారు. ఎక్కా. ఎక్కడికి అంటే రోముకి అన్నారు, అక్కడ టంకశాలలో పెద్ద పని ఆగిపోయిందట. నేను దిగేసరికి చక్రవర్తులందరూ టంకశాల బయట వరసలో నిలబడి ఉన్నారు. ఒక తరం కాదు, అన్ని తరాల వాళ్ళూనూ. తండ్రి వెనక కొడుకు, కొడుకు వెనక వాడిని చంపి సింహాసనం ఎక్కినవాడు, వాడి వెనక వాణ్ణి చంపినవాడు. ఒకడి మొహం ఒకడు చూసుకోరు, అందరికీ కావాల్సింది మాత్రం నా చేత్తో బొమ్మ."

వరసలో ముందున్నవాళ్ళందరివీ నున్నగా గీసిన మొహాలేనట. మధ్యలో ఒకాయన గడ్డం పెంచాడట. ఇక ఆయన వెనక వచ్చినవాళ్ళంతా గడ్డాలు పెంచేశారట. మా పొట్ట కొట్టింది ఆయనేనన్నమాట అని సెలూన్ అతను నొచ్చుకున్నాడు. బట్టతల ఉన్న ఒకాయన అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆకుల దండ కాస్త కిందికి దించి చెక్కవా అని చెవిలో అడిగాడట. అచ్చులాయన దించాడట. మనిషి మనిషికి ఆ మాత్రం సాయం చేసుకోవాలి కదా అన్నాడు.

"బొమ్మ సంగతి సరే, బొరుసు వైపు ఏం కావాలి అని అందరినీ అడిగా. అక్కడ తెలిసింది నాకు వాళ్ళ గుట్టంతా. యుద్ధంలో చావుదెబ్బ తిని వచ్చినవాడు రెక్కల దేవతని చెక్కమంటాడు, గెలుపు దేవత కదా ఆవిడ. ఊళ్ళో గింజ దొరకనివాడు, పళ్ళూ గింజలూ పొంగిపొర్లే కొమ్ము పట్టుకున్న దేవత కావాలంటాడు. సైన్యం రోజూ తన మీదే తిరగబడేవాడు, రెండు చేతులు కలుపుకున్న బొమ్మ వేసి నా సైన్యమూ నేనూ ఒకటే అని రాయమంటాడు. ఎవడికి ఏది కరువో, వాడికి అదే బొరుసు."

పోస్టుమాన్ అరుగు మీది కాలు మార్చుకున్నాడు. కోడలు నవ్వడం మానేసి వింటోంది. ఇది కోత కాదు. ఎన్నో మధ్యాహ్నాలు ఆ ఫొటోలు చూసి కూడా తనకు తట్టని మాట ఇది. ఇంత చూడగలిగిన మనిషి ఆ పని వదిలేసుకుంటే, ఆ బల్ల స్థానంలో సోఫా వస్తే, ఇదంతా ఎవరికి దక్కుతుందని ఆమెకు దిగులేసింది.

"అందరికంటే చివర వచ్చాడయ్యా అసలు చక్రవర్తి. నెత్తిమీద సూర్యుడి కిరణాల కిరీటం. దాని వెలుగుకి దీపం కూడా అక్కర్లేకపోయింది. నీకు ఒక టీ తాగినంత సేపే టైమిస్తున్నా అన్నాడు. నాకు సగం టీ చాలు అన్నా." అచ్చులాయన గ్లాసు ఎత్తి ఒక గుటక వేసి, కోడలి వైపు ఒకసారి చూసి, మళ్ళీ అందుకున్నాడు. "కుడివైపు తిరిగి కూర్చోమన్నా. కూర్చున్నాడు. ఆయన కుడివైపు చూస్తుంటే ఉన్నది ఉన్నట్టు, కుడివైపు చూస్తున్నట్టే ఉక్కులో దించేశా. ఆ అచ్చు తీసుకెళ్ళి దాగలిలో, అదే, సుత్తి దెబ్బ కాచే ఇనప దిమ్మలో బిగించారు. ఎర్రగా కాలిన వెండి బిళ్ళని పటకారుతో తెచ్చి దాని మీద పెట్టారు. పైన బొరుసు అచ్చు ఆనించారు. సుత్తి ఎత్తడానికి వాళ్ళవల్ల కాలేదు, నేనే ఎత్తా. ఒక్కటే దెబ్బ. రోములో విరిగిన స్తంభాలు, కూలిన గోడలు ఫొటోల్లో చూస్తుంటారే, కాలానికి పడిపోయాయని అందరూ అనుకుంటారు, కాదు, ఆ దెబ్బకే. దుమ్ము సర్దుకున్నాక చక్రవర్తి నాణెం చేతిలోకి తీసుకుని చూశాడు. తను ఎటు చూస్తూ కూర్చున్నాడో నాణెం మీద కూడా అచ్చం అటే, కుడివైపే, దర్జాగా చూస్తున్నాడు. కిందికి దిగొచ్చి నన్ను కావలించుకుని, సింహాసనంలో సగం తీసుకో అన్నాడు. నాకు టీకి వేళైంది బాబూ అని చెప్పి వచ్చేశా."

సెలూన్ అతను చప్పట్లు కొట్టాడు. అక్క నవ్వుతూ స్టవ్ మంట పెంచింది. అచ్చులాయన మీసం మీద చెయ్యి వేశాడు. కోడలు ఎదురుచూసిన హుషారు అదే, అడగాల్సిన సమయమూ అదే. ఆమె సంచిలో చెయ్యి పెట్టి రుమాలు మూట పట్టుకుంది కూడా.

కానీ బయటికి తీయలేదు. ఆ సుత్తి దెబ్బ దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. చక్రవర్తి కన్ను కొడితే కొట్టనీ, దేవత ఫ్యాను మీద కూర్చుంటే కూర్చోనీ, అదంతా ముచ్చటగానే ఉంది. ఇది మాత్రం అలా కాదు. పదిమందిలో మామగారి మాట తప్పని చెబితే ఆయనకు ఎంత చిన్నతనం. ఆపైన బల్ల అడగడానికి మొహం చెల్లుతుందా? నోరు మూసుకుంటే అన్నీ సవ్యంగా జరిగిపోతాయి. అలా అని తనకు తాను నచ్చజెప్పుకుంటూనే ఉంది, ఈలోగా మాట బయటికి వచ్చేసింది.

"మామయ్యా, అచ్చులో ఆయన కుడివైపు చూస్తుంటే, నాణెం మీద ఎడమవైపు చూడాలి కదా."

అచ్చులాయన చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. ముందుగా తేరుకున్నది పోస్టుమాన్. తన తేదీ ముద్ర మీద కూడా అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయనీ, కాగితం మీద కొడితేనే చదవడానికి వస్తాయనీ, అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమనీ అన్నాడు. సెలూన్ అతను తొడ చరుచుకుని, నాణెం మాట్లాడింది, ఓడ నడిచింది, రోము కూలింది, ఇంత జరిగితే పెద్దాయన గాలి పోయింది ఎడమా కుడీ దగ్గరా అని పడీ పడీ నవ్వాడు. కోడలు తల దించుకుంది. అయిపోయింది, ఇక బల్ల సంగతి మర్చిపోవాల్సిందే అనుకుంది.

అక్క మాత్రం నవ్వలేదు. గరిట పట్టుకునే ఇవతలికి వచ్చింది. "అదేంటి అన్నయ్యా, ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ ఎడమవైపు తిరిగి కూర్చోమన్నాననే చెబుతావు. అలా ఎందుకని చక్రవర్తి అలిగితే, అచ్చులో ఎడమైతేనే నాణెం మీద కుడి అవుతుందని బుజ్జగించానంటావు. ఈరోజు ఎందుకు మార్చావు?"

అచ్చులాయన చొక్కా జేబులోంచి ఏదో తీసి బల్ల మీద, కోడలి ముందు పెట్టాడు. సీసం ముక్క. దాని మీద చక్రవర్తి మొహం కుడివైపు చూస్తోంది. ఆమె తుక్కు డబ్బా అడుక్కి తోసేసిన మొదటి ముక్క అది.

"ఈ తప్పు చేయకుండా ఎవడూ ఈ పని నేర్చుకోడమ్మా," అన్నాడు. "చేశాక తెలుసుకున్నావో, తెలియక వదిలేశావో నాకెలా తెలుస్తుంది? ఇంట్లో అడిగితే నేనేం చెప్పినా అవును మామయ్యా అంటావు. అందుకని నీ తప్పే తీసుకొచ్చి నా కథలో పెట్టా. నా పరువు కోసం నువ్వు ఊరుకునుంటే, నేనూ మేడమ్‌కి కాదని చెప్పేసేవాణ్ణి. ఉక్కు ఎవరి పరువూ చూడదు."

"అంటే మిగతా కథంతా నిజమేనా పెద్దాయనా?" అన్నాడు సెలూన్ అతను.

"మిగతాది ఎప్పుడూ నిజమే."

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం పట్టలేకపోయింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. రుమాలు విప్పి రెండో ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు, చివరికి కళ్ళు మూసుకుని బొటనవేలితో మెల్లగా తడిమాడు. మెడ మీద, దండ మీద, రిబ్బను కొస మీద వేలు ఆగి ఆగి వెళ్ళింది. చెవి బాగా కుదిరిందన్నాడు. గడ్డం దగ్గర ఇంకాస్త లోతు ఉండాలన్నాడు. తర్వాత మెడలో తాడుకి వేలాడే భూతద్దం తీసి ఆమెకు ఇచ్చాడు.

"నాకిప్పుడు దీంట్లోంచి కూడా మసకే కనబడుతోంది. నువ్వు చెక్కు, నేను పక్కన కూర్చుని చెబుతుంటా. మేడమ్‌కి ఫోన్ చేసి పని ఒప్పుకున్నామని చెప్పు."

"మరి సోఫా?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"కావాలంటే లారీలో వేసుకోమను వాణ్ణి."

ఆమె అక్కడే నిలబడి ఫోన్ చేసింది. మేడమ్ సంతోషించింది. అక్క అందరికీ ఇంకో విడత టీ పోసింది. పోస్టుమాన్ ఎన్నడూ లేనిది సైకిలు స్టాండు వేసి వచ్చి, ఆ సీసం ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎవరూ నేర్పకుండా ఇంత చక్కగా తిరగేసి చెక్కడం ఎలా వచ్చిందమ్మా అని సెలూన్ అతను నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగాడు.

కోడలు టీ గ్లాసు తన ఎదురుగా జరుపుకుంది. భూతద్దాన్ని చీర కొంగుతో తుడిచింది.

"అబ్బే, అదేం పెద్ద విషయం కాదులే అన్నయ్యా," అంది. "అద్దం ముందు పెట్టుకుని చెక్కాను. ఒకరోజు అద్దంలో సరిచూసుకుంటుంటే, అందులో ఉన్న చక్రవర్తి చెయ్యి బయటికి చాపి నా ఉలి పట్టేసుకున్నాడు."

"మెడ వరకే ఉన్నాడు కదమ్మా, చెయ్యెక్కడిది?" అన్నాడు పోస్టుమాన్.

"నేనూ అదే అడిగాను," అంది ఆమె.

అచ్చులాయన తన గ్లాసు పక్కకి జరిపేసి, బల్ల మీద మోచేతులు ఆనించి ముందుకు వంగాడు.

"ఆ తర్వాత ఏమైంది?" అన్నాడు.